ఓడని జట్టును బయట నిలబెట్టిన పంచాయితీ



అమెరికాలో పిల్లలు చదువుకుంటున్న మన ఇళ్లలో నవంబరు, డిసెంబరు వచ్చిందంటే ఒక వింత మాట వినబడుతుంది. "మా టీమ్ గెలిచింది, కానీ లోపలికి రానిస్తారో లేదో తెలీదు" అంటారు. గెలిచాక రానివ్వకపోవడం ఏమిట్రా అని మన పెద్దవాళ్లు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు కాస్త పొడుగు, అందుకే ఫోన్లో చెప్పకుండా ఇక్కడ రాస్తున్నాం.

మనకు అలవాటైన ఐపీఎల్‌లో పది జట్లు, ఒక పాయింట్ల పట్టిక. పాయింట్లు సమానమైతే నెట్ రన్ రేట్. నాలుగో చోటు ఎవరిదో లెక్కలొచ్చిన పిల్లాడెవడైనా చెప్పేస్తాడు. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో పై అంచెలో ఉన్న జట్లే 130 పైన. ఒక్కో జట్టు మామూలు సీజనులో ఆడేది 12 ఆటలు. అందరూ అందరితో ఆడే వీలే లేదు. ఒకడు గట్టివాళ్లతో ఆడి రెండు ఓడతాడు, ఇంకొకడు మెత్తనివాళ్లతో ఆడి అన్నీ గెలుస్తాడు. ఇద్దరిలో ఎవరు గొప్ప? ఇది తేల్చడానికే 2014 నుంచి 13 మందితో ఒక కమిటీ ఉంది. మొదట నాలుగు జట్లను ఎంచేవారు, 2024 నుంచి పన్నెండు. టెక్సస్‌లో గ్రేప్‌వైన్ అనే ఊళ్లో హోటల్లో కూర్చుంటారు. తన కాలేజీ మాట వచ్చినప్పుడు ఆ సభ్యుడు లేచి గది బయటికి పోవాలి. (ఈ నియమం మన సంఘంలో పెడితే సగం సమావేశాలకు కోరం ఉండదు, అది వేరే సంగతి.)

ఇంతవరకు మాకు అభ్యంతరం లేదు. పట్టిక కుదరనప్పుడు పెద్దమనుషులు కూర్చుని తేల్చడం మన ఊళ్లలోనూ ఉన్నదే. తంటా ఎక్కడంటే, సీజను ముగిశాక ఒక్కసారి చెప్పాల్సిన తీర్పును నవంబరు మొదలుకొని వారం వారం టీవీలో చెబుతారు. వాళ్లకు మంగళవారం రాత్రి, మనకు బుధవారం పొద్దున. ఆ జాబితాల్లో ఆఖరుది తప్ప మిగతా వాటితో ఏ జట్టుకూ చోటు రాదు, పోదు. మరి ఎందుకు చదువుతారు? మా అభిప్రాయంలో దానికి ఒకటే కారణం. వచ్చే మంగళవారం దాకా స్టూడియోలో మాట్లాడుకోవడానికి సరుకు కావాలి.

ఆ మాటల వల్ల ఎవరికి ఏం నష్టం అంటారా? 2023లో ఫ్లోరిడా స్టేట్ సంగతి చూడండి.

ఆ జట్టు ఆ ఏడాది ఆడిన 13 ఆటలూ గెలిచింది. ఏసీసీ అనే తన కాన్ఫరెన్స్‌లో చాంపియన్ అయింది. కానీ నవంబరు 18న క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ ట్రావిస్‌కు కాలు విరిగింది. క్వార్టర్‌బ్యాక్ అంటే మన క్రికెట్‌లో కెప్టెనూ, ఓపెనింగ్ బ్యాట్స్‌మనూ ఒకడే అయినట్టు అనుకోండి. అతను పడిపోయిన వారం నుంచే, ఈ జట్టు ఇంకా యోగ్యమేనా అన్న చర్చ టీవీలో నడిచింది. కుర్రాళ్లు మాత్రం రెండో క్వార్టర్‌బ్యాక్‌తో ఫ్లోరిడాను 24-15తో ఓడించారు. ఫైనల్‌కు అతనూ అందుబాటులో లేకపోతే, మొదటి ఏడాది చదువుతున్న మూడోవాడితో లూయివిల్‌ను 16-6తో ఓడించారు. చూడటానికి అందంగా లేదు, నిజమే. గెలుపు గెలుపే కదా.

డిసెంబరు 3న తీర్పు వచ్చింది. ముందు వారం నాలుగో చోట ఉన్న జట్టు గెలిచి ఐదో చోటుకు దిగింది. ఎనిమిదో చోట ఉన్న అలబామా జార్జియాను ఓడించి నాలుగుకు ఎక్కింది. అలబామాను సెప్టెంబరులో సొంత మైదానంలోనే ఓడించిన టెక్సస్ మూడో చోట. పెద్ద కాన్ఫరెన్స్‌లో ఒక్కటీ ఓడకుండా చాంపియన్ అయిన జట్టును నాలుగు జట్ల ప్లేఆఫ్‌కు రానివ్వకపోవడం అదే మొదటిసారి. కారణం, ట్రావిస్ లేని జట్టు వేరే జట్టు అన్నారు. నియమాల్లో ముఖ్యమైన ఆటగాడు లేకపోతే లెక్కలోకి తీసుకోవచ్చని రాసి ఉంది, కాబట్టి నియమం తప్పారని మేము అనం. కానీ కాలు విరిగిన ఆ కుర్రాడు ఆరోజు ఏమన్నాడో తెలుసా? నా కాలు సీజనులో ఇంకాస్త ముందే విరిగి ఉంటే బాగుండేది, ఈ జట్టు నా ఒక్కడిది కాదని అందరికీ తెలిసేది అన్నాడు. ఆ వయసు పిల్లాడు అనుకోవాల్సిన మాటేనా అది? నోటికాడి ముద్ద లాగేసుకున్నాక, ఆ ముద్ద పోయింది నా వల్లేనని వాడు తనను తాను తిట్టుకోవాల్సి వచ్చింది.

తర్వాత ఆరెంజ్ బౌల్‌లో జార్జియా చేతిలో ఫ్లోరిడా స్టేట్ 63-3తో ఓడింది. చూశారా, మేం చెప్పలేదా అన్నారు విశ్లేషకులు కొందరు. ఆ ఆటకు ఫ్లోరిడా స్టేట్ ముఖ్యమైన ఆటగాళ్లు బోలెడుమంది రాలేదు. తలుపు మూసేశాక వాకిట్లో నిలబడ్డవాడికి ఆకలి లేదనడం ఏం తర్కం?

ఇక డబ్బు సంగతి. ప్లేఆఫ్ ప్రసార హక్కులు ఈఎస్‌పీఎన్‌వి. 2024లో ఆరేళ్లకు 780 కోట్ల డాలర్లకు ఒప్పందం పొడిగించుకున్నారు. వారం వారం జాబితా చదివేదీ, దాని మీద వాదించేదీ, ఆఖరికి ఆటలు చూపించేదీ అదే చానెల్. అలబామా ఉన్న ఎస్ఈసీ ఆటల హక్కులూ 2024 నుంచి పూర్తిగా వాళ్లవే. అందుకే ఫ్లోరిడాలో చాలామంది ఇదంతా కుట్ర అన్నారు. అక్కడి అటార్నీ జనరల్ విచారణ మొదలుపెట్టారు, గవర్నరు కేసులకోసం బడ్జెట్లో పది లక్షల డాలర్లు అడిగారు. కుట్ర మాట మేము ఒప్పుకోం. ఎందుకంటే ఫ్లోరిడా స్టేట్ ఉన్న ఏసీసీ చానెలూ ఈఎస్‌పీఎన్‌దే. ఏ జట్టు వచ్చినా ఆట వాళ్లదే, కనుక కుట్ర అవసరం వాళ్లకు లేదు. వాళ్లకు కావాల్సింది తెగని తగువు. రచ్చబండ మీద కూర్చున్నవాడికి టీ అమ్ముకునేవాడు ఏ పక్షం గెలవాలని కోరుకుంటాడు? పంచాయితీ సాగాలనే కోరుకుంటాడు.

ఇంకో ఉదాహరణ చెప్పకుండా ఉండలేం. ఇండియానా అని ఒక విశ్వవిద్యాలయం, ఫుట్‌బాల్‌లో తరతరాలుగా ఓటములకే పేరు. 2024లో 11 గెలిచి ఒక్కటే ఓడి ప్లేఆఫ్‌కు వచ్చింది, మొదటి ఆటలోనే నోటర్ డేమ్ చేతిలో 27-17తో ఓడింది. వీళ్లు ఎవరితో ఆడారని, వీళ్లకు ఇక్కడేం పని అని స్టూడియోలు మండిపడ్డాయి. కర్క్ హెర్బ్‌స్ట్రీట్ లాంటి అనుభవజ్ఞుడే ఆ జట్టు ఆ మైదానంలో ఉండాల్సింది కాదన్నట్టు మాట్లాడాడు. మరుసటి ఏడాది అదే ఇండియానా 16 ఆటలూ గెలిచి, 2026 జనవరి 19న ఫైనల్‌లో మయామీని 27-21తో ఓడించి చాంపియన్ అయింది. దారిలో అలబామాను 38-3తో చితక్కొట్టింది. ఏడాది కిందటి మాటలు గుర్తు చేసుకున్న స్టూడియోలు మాకు పెద్దగా కనబడలేదు. క్రికెట్ వ్యాఖ్యాతలూ అంతే లెండి, తప్పిన జోస్యానికి లెక్క ఉండదు.

విశ్లేషకులందరినీ ఒకే గాటన కట్టడం మా ఉద్దేశం కాదు. ఆడి వచ్చినవాళ్లు, కోచింగ్ చేసినవాళ్లు వీడియో ఆపి ఆపి ఎవరు ఎక్కడ తప్పు నిలబడ్డారో చూపిస్తుంటే నేర్చుకునేది చాలా ఉంటుంది. ఆట తెలియని మాకే అర్థమవుతుంది. ఆ పని వేరు, వకాల్తా పుచ్చుకోవడం వేరు. మొదటిదానికి కష్టపడాలి. రెండోదానికి గొంతు చాలు, పైగా చూసేవాళ్లూ దానికే ఎక్కువ. సెలెక్షన్ తగువుల్లో మనమూ అంతే కదా. 2019 ప్రపంచ కప్‌కు అంబటి రాయుడిని కాదని విజయ్ శంకర్‌ను తీసుకున్నప్పుడు, ఎమ్మెస్కే ప్రసాద్ చెప్పిన మూడు కోణాల మాట మీద, రాయుడి త్రీడీ కళ్లద్దాల ట్వీటు మీద ఎంత రభస! తమిళనాడులో బతికే తెలుగువాళ్లం కాబట్టి మన ఇళ్లలోనే రెండు పక్షాలు. ఎవరి బ్యాటింగ్ ఎలా ఉందని అప్పుడు ఎంతమంది చూశారు?

మా కోరిక చిన్నది. ఆ వారం వారం జాబితాలు ఆపేయాలి. సీజను ముగిశాక ఒక్క జాబితా, దాని పక్కన కారణాలు, అంతే. 2025లో జరిగింది చూస్తే ఇది ఎంత అవసరమో తెలుస్తుంది. ఆగస్టు 31న మయామీ 27-24తో నోటర్ డేమ్‌ను ఓడించింది. అయినా వారాల తరబడి జాబితాలో నోటర్ డేమ్ పైన, మయామీ కింద. రెండు జట్లూ పక్కపక్కన లేవు కాబట్టి ఆ ఆటను పోల్చలేదన్నారు. ఈలోగా ఏసీసీ చానెల్ ఆ పాత ఆటను పదేపదే వేసి గుర్తు చేసింది. డిసెంబరు 7న, ఆ వారాంతం రెండు జట్లూ ఆడకపోయినా, మయామీ పైకి, నోటర్ డేమ్ బయటికి. ఫలితం సరైనదే అంటాం మేము, మయామీ ఫైనల్ దాకా వెళ్లింది కూడా. కానీ వరసగా పది ఆటలు గెలిచిన నోటర్ డేమ్ పిల్లలకు నెల రోజులు చోటు చూపించి ఆఖరి రోజు లాగేశారు. వాళ్లు వేరే బౌల్ ఆటే వద్దని ఇంటికి పోయారు.

2026 నుంచి నోటర్ డేమ్‌కు మొదటి పన్నెండులో ర్యాంకు వస్తే చోటు ఖాయమని ముందే రాసుకున్నారు. ర్యాంకులు ఇచ్చేది మాత్రం ఎప్పటిలాగే కమిటీయే.