మళ్లీ ఓనమాలు!

వయసు ఇరవై రెండు. చేతిలో డిగ్రీ. పదిమందికీ సాయపడాలన్న ఉత్సాహం. తీరా విమానం దిగి ఆ ఊరికి వెళ్తే... ఎదుటివాళ్లను ఎలా పలకరించాలో ఆ ఇంట్లోని అయిదేళ్ల పిల్లాడు నేర్పించాలి! అన్నం ముద్ద చేయడం రాక మెతుకులు ఒళ్లో పోసుకుంటుంటే ఇంటిల్లిపాదీ నవ్వుతారు. పరాయి దేశానికి సేవకోసం వెళ్లేవాళ్లకు తొలి పాఠాలు ఇలాగే మొదలవుతాయి.

అమెరికా అధ్యక్షుడు కెనెడీ 1961 మార్చి 1న 'పీస్‌ కోర్‌' సంస్థను నెలకొల్పారు. అందులో చేరినవాళ్లు సాధారణంగా 27 నెలలు వేరే దేశంలో ఉండి పనిచేయాలి. అందులో మొదటి మూడు నెలలూ దాదాపు శిక్షణకే సరి. అప్పటివరకూ వాళ్లు ట్రైనీలే. భాషా, పనీ వచ్చాయనిపించుకుని, ప్రమాణం చేశాకే వాలంటీర్లవుతారు.

పశ్చిమాఫ్రికాలోని సెనెగల్‌నే తీసుకోండి. పీస్‌ కోర్‌ అక్కడ 1963లోనే అడుగుపెట్టింది. రాజధాని డాకర్‌కి సుమారు 70 కిలోమీటర్ల దూరంలోని తియెస్‌ పట్టణంలో శిక్షణ కేంద్రం ఉంది. అయితే అసలు బడి ఆ కేంద్రం కాదు... ట్రైనీలను ఉంచే స్థానికుల ఇల్లే!

పేరే మారిపోతుంది

గడప తొక్కగానే జరిగే మొదటి పని నామకరణం. ఇంటివాళ్లు తమ ఇంటిపేరుతో సహా కొత్తపేరు పెట్టేస్తారు. దాంతోపాటే వరసలూ వచ్చేస్తాయి. ఆ దేశంలో కొన్ని ఇంటిపేర్లవాళ్ల మధ్య మన బావామరదుల్లాంటి సరసం ఉంటుంది. జోప్‌లూ, న్‌జాయ్‌లూ ఎదురుపడితే 'మీరు అన్నం తెగ తింటారు' అంటూ ఒకరినొకరు ఆటపట్టించుకుంటారు. ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా వేళాకోళం చేస్తుంటే కొత్తగా వచ్చినవాళ్లు మొదట్లో బిక్కచచ్చిపోతారు. అది అవమానం కాదు, చుట్టరికం అని అర్థమయ్యేసరికి కొన్నాళ్లు పడుతుంది.

పలకరింపూ పెద్ద పాఠమే. వొలోఫ్‌ భాషలో 'నాంగ దెఫ్‌' అంటే ఎలా ఉన్నావని. 'మాంగి ఫి రెక్‌' అనాలి. అంటే, 'ఇక్కడే ఉన్నాను' అని! తర్వాత ఇంట్లోవాళ్ల క్షేమం, పనుల సంగతీ అడగాలి. ఇవేమీ లేకుండా నేరుగా విషయంలోకి వెళ్తే అక్కడ మర్యాద తెలియని మనిషి కింద లెక్క.

ఒకే పళ్లెం... ఎన్నో చేతులు

మధ్యాహ్నం చాపమీద పెద్ద పళ్లెం పెడతారు. చేపలూ, కూరగాయలూ వేసి వండిన 'చెబు జెన్‌' అన్నం వాళ్లకు మహా ఇష్టం. 2021లో దీనికి యునెస్కో వారసత్వ జాబితాలో చోటు దక్కింది. చెప్పులు విప్పి అందరూ పళ్లెం చుట్టూ కూర్చుంటారు. కుడిచేత్తోనే తినాలి. ఎవరి ముందున్నది వాళ్లే తినాలి, అవతలివాళ్ల వైపు చెయ్యి చాపకూడదు. ఇల్లాలే మధ్యనున్న చేపను తుంచి అతిథివైపు జరుపుతుంది.

చేత్తో తినడం, బకెట్లో మగ్గు ముంచి స్నానం చేయడం, కాగితం బదులు నీళ్లు వాడటం... మనకు ఇందులో వింతేముంది? షవరూ, స్పూనూ అలవాటైన అమెరికా కుర్రాడికి మాత్రం ఒక్కోటీ ఒక్కో పరీక్షే.

అన్నిటికన్నా కష్టం ఏకాంతం దొరక్కపోవడం. కాసేపు తలుపేసుకుని పుస్తకం చదువుకుంటే చాలు, 'ఒంట్లో బాలేదా? ఎవరైనా ఏమైనా అన్నారా?' అంటూ ఇంట్లోవాళ్లు కంగారుపడిపోతారు. ఇది తట్టుకోలేక, ఇంటిమీద బెంగతో మధ్యలోనే తిరిగి వెళ్లిపోయేవాళ్లూ ఉంటారు. నిలబడినవాళ్లు మెల్లగా వాకిట్లోకి వస్తారు. అక్కడ 'అత్తాయా' టీ మరుగుతుంటుంది. మూడు విడతలుగా ఇస్తారు... మొదటిది చేదు, తర్వాతవి తీపి. గంటకు పైనే పడుతుంది. ఆ గంటలో వినబడినంత భాష తరగతి గదిలో వినబడదు!

అడగడమే అర్హత

ఇదంతా ఎందుకంటే... రేపు పల్లెకు వెళ్లి విత్తనాల గురించో, పిల్లల ఆరోగ్యం గురించో చెప్పాలి. పలకరించడమే రానివాళ్ల సలహా ఎవరు వింటారు? సాయం చేయాలని వచ్చినవాళ్లు ముందు సాయం అందుకోవడం నేర్చుకోవాలి. అన్నం పెట్టమనీ, మాట సరిదిద్దమనీ, దారి చూపమనీ అడగాలి. శిక్షణలో మింగుడుపడనిది అదే.

దీనికి వయసుతో పనిలేదు. 1966లో పీస్‌ కోర్‌ తరఫున మన ముంబయి దగ్గరి విఖ్రోలీకి వచ్చి నర్సుగా పనిచేసిన లిలియన్‌ కార్టర్‌ వయసు అప్పటికి 68 ఏళ్లు. ఆమె కొడుకు జిమ్మీ కార్టర్‌ తర్వాత, 1977లో అమెరికా అధ్యక్షుడయ్యారు.

సెనెగల్‌లో ఓ సామెత ఉంది... మెల్లమెల్లగా వెళ్తేనే పొదలోని కోతి చిక్కుతుందని. మన 'నిదానమే ప్రధానం' లాంటిదే. చదువుకనో, ఉద్యోగానికనో పిల్లల్ని దూరదేశం పంపేటప్పుడు ఆవకాయ సీసా, జ్వరం మాత్రలూ జాగ్రత్తగా సర్దుతాం. 'తెలియనిది అడుగు. వాళ్లు నవ్వితే నువ్వూ నవ్వెయ్‌' అన్న మాట కూడా చెవిన వేసి పంపితే... ఆ బరువుకు విమానంలో అదనపు చార్జీ ఉండదు!