మాత్రలిచ్చి చేతులు దులుపుకొంటే ఎలా?

క్షయను 2025 నాటికి దేశం నుంచి తరిమేస్తామని 2018 మార్చిలో ఢిల్లీ సదస్సు సాక్షిగా కేంద్రం ప్రకటించింది. ప్రపంచమంతా పెట్టుకున్న 2030 గడువుకన్నా ఐదేళ్లు ముందే గమ్యం చేరతామన్నది నాటి ధీమా. ఆ గడువు కాస్తా దాటిపోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాల ప్రకారం 2015లో లక్ష జనాభాకు 237 చొప్పున ఉన్న కొత్త కేసులు 2024 నాటికి 187కు దిగివచ్చాయి. అంటే తగ్గింది 21 శాతం. తగ్గిస్తామన్నది 80 శాతం. చాలా దేశాలకన్నా మనమే నయమని సరిపెట్టుకోవడానికీ వీల్లేదు. ఏటా ప్రపంచంలో కొత్తగా క్షయ బారిన పడుతున్న ప్రతి నలుగురిలో ఒకరు ఇప్పటికీ భారతీయులే. అందులోనూ మామూలు మందులకు లొంగని మొండి టీబీపై పోరు మరీ అరకొరగా సాగుతోంది. పరీక్షా యంత్రాలు పెరిగాయి, కొత్త మందులొచ్చాయి, అన్నీ ఉచితమే. ఆ మందులను నెలల తరబడి మింగాల్సిన మనిషి ఈలోగా ఎలా బతకాలన్నది మాత్రం ఎవరికీ పట్టడం లేదు. చికిత్స మధ్యలో ఆగితే రోగి నిర్లక్ష్యమని రాసుకుని ఊరుకునే ధోరణి ఇకనైనా పోవాలి. పోయిన కూలికి భృతి, దుష్ప్రభావాలకు దగ్గర్లో వైద్యం, మందుల నిల్వకు పూచీ... ఈ మూడూ చికిత్సలో భాగమే. రోగికి అవి హక్కుగా దక్కాలి.

ఈ జబ్బుకు ఇంతకాలం మందులెందుకంటే, జవాబు క్రిమి స్వభావంలోనే ఉంది. 1882లో రాబర్ట్ కోచ్ గుర్తించిన ఈ బ్యాక్టీరియాకు మైనపు పూతలాంటి గట్టి గోడ ఉంటుంది. మన పేగుల్లో ఉండే మామూలు బ్యాక్టీరియా అనుకూల పరిస్థితుల్లో ఇరవై నిమిషాలకోసారి రెండింతలైతే, క్షయ క్రిమికి అందుకు దాదాపు ఒక రోజు పడుతుంది. చురుగ్గా పెరిగే క్రిములను మందులు త్వరగానే చంపుతాయి. ఊపిరితిత్తుల్లో పడిన గుంతల్లో, నిర్జీవ కణజాలంలో నిద్రాణంగా దాగిన క్రిములు అంత తొందరగా లొంగవు. అందుకే కొన్ని వారాల్లో దగ్గు తగ్గి, జ్వరం విడిచి, ఆకలి పుట్టినా జబ్బు పోయినట్టు కాదు. మొదటి రెండు నెలలు నాలుగు రకాల మందులు, తరవాతి నాలుగు నెలలు మూడు రకాలు వాడాలనడం ఆ దాగిన క్రిములను తుదముట్టించడానికే. మందు మధ్యలో ఆగితే మిగిలినవి మళ్లీ పుంజుకుంటాయి; కొన్ని ఆ మందులనే తట్టుకునే శక్తి సంతరించుకుంటాయి. ఆ మందుల్లో కీలకమైన ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ రెండూ పనిచేయని స్థితి వస్తే అది మొండి టీబీ. మొండిబారిన ఆ క్రిమి దగ్గు తుంపర్ల ద్వారా పక్కవారికీ పాకుతుంది. ఎన్నడూ టీబీ మాత్ర ముట్టనివారిలోనూ మొదటి పరీక్షలోనే మొండి టీబీ బయటపడటానికి కారణమదే. అలాంటివారి విషయంలో మందులు సరిగా వాడలేదన్న నిందకు తావెక్కడ?

మొండి టీబీ చికిత్స ఎంత కఠినమో తెలియనివారే రోగుల నిర్లక్ష్యం గురించి తేలిగ్గా మాట్లాడతారు. పాత విధానంలో నెలల తరబడి రోజూ కనామైసిన్ సూదిమందు పొడిచేవారు. దానివల్ల ఎందరికో వినికిడి శాశ్వతంగా పోయింది. అలా చెవుడు వచ్చిన ముంబయి యువతి నందితా వెంకటేశన్, దక్షిణాఫ్రికాకు చెందిన ఫుమెజా టిసిలే కలిసి, సూదిమందు అవసరాన్ని తప్పించే బెడాక్విలిన్ మాత్రపై పేటెంట్ పొడిగింపును సవాలు చేశారు. ఆ మందు తయారీ సంస్థ జాన్సన్ అండ్ జాన్సన్ దరఖాస్తును భారత పేటెంట్ కార్యాలయం 2023 మార్చిలో తోసిపుచ్చింది. సూదిమందుల స్థానంలో మాత్రలు రావడం గొప్ప ముందడుగే. అయినా బాధలు తీరలేదు. ఆ మాత్రల్లో ఒకటైన లినెజోలిడ్ దీర్ఘకాలం వాడితే రక్తం తగ్గిపోతుంది, చూపు మందగించవచ్చు, అరికాళ్లు మొద్దుబారతాయి. నడుస్తుండగా కాలి చెప్పు జారిపోయినా తెలియని స్థితి కొందరిది. క్లోఫాజిమిన్‌తో ఒళ్లంతా నల్లబారి, దాచుకుందామన్న జబ్బు ఊరందరికీ తెలిసిపోతుంది. సైక్లోసెరిన్ కొందరి మనసును అతలాకుతలం చేస్తుంది. బెడాక్విలిన్ గుండె లయపై ప్రభావం చూపుతుంది కాబట్టి తరచూ ఈసీజీ తీయాలి. పాడేరు, ఉట్నూరు వంటి ఏజెన్సీ ప్రాంతాల్లోని గూడెం నుంచి ఆ పరీక్షకు పెద్దాసుపత్రికి రావాలంటే ఒక రోజు కూలి, రానూపోనూ ఛార్జీలు, తోడొచ్చిన మనిషి కూలి కూడా పోయినట్టే. ఆదివాసీ ప్రాంతాల రోగులకు ప్రయాణ ఖర్చుల కింద ప్రభుత్వమిస్తున్నది ఒకే ఒక్కసారి రూ.750. సాధారణ క్షయలో ప్రపంచవ్యాప్తంగా 88 శాతం మందికి చికిత్స ఫలిస్తుంటే, మొండి టీబీలో అది 68 శాతం దగ్గరే ఆగిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 నివేదిక చెప్పింది. మందు శక్తి ఒక్కదానితోనే ఆ తేడాను పూర్తిగా వివరించలేం.

పేదలకు ఆరోగ్యంపై శ్రద్ధ ఉండదన్న వాదన కొత్తది కాదు. అది తప్పని తేలి ఆరు దశాబ్దాలు దాటింది. బెంగళూరులోని జాతీయ క్షయ సంస్థ పరిశోధకులు తుమకూరు జిల్లాలో జరిపిన అధ్యయనం 1963లో వెలువడింది. ఊపిరితిత్తుల క్షయ ఉన్న గ్రామీణుల్లో అత్యధికులు తమ లక్షణాలను గుర్తించారని, సగం మంది దాకా అప్పటికే ఏదో ఒక వైద్యం కోసం వెళ్లారని అది తేల్చింది. వారు ఆసుపత్రి గడప తొక్కారు. అక్కడ చేతికి దక్కింది దగ్గుమందు సీసా. నేటికీ పల్లెల్లో, బస్తీల్లో విడవని దగ్గుకు మొదట దొరికేది తెమడ పరీక్ష కాదు, ఏదో ఒక యాంటీబయాటిక్. ఫ్లోరోక్వినలోన్ రకం మందులు నాలుగు రోజులు వాడితే క్షయ లక్షణాలు తాత్కాలికంగా అణగుతాయి. రోగనిర్ధారణ ఆలస్యమవుతుంది, మొండి టీబీపై పనికొచ్చే విలువైన మందుకు క్రిమి ముందే అలవాటు పడుతుంది. పరీక్షించకుండా మందు రాసినవారిది, చీటీ లేకుండా అమ్మినవారిది, చూసీచూడనట్టు వదిలేసిన యంత్రాంగానిది తప్పు కాదట. చివరికి దోషిగా నిలబడేది రోగి ఒక్కడే!

చికిత్సకు మందు చాలు, మిగతావన్నీ అదనమేనని వాదించేవారి చేతిలో ఒక బలమైన ఆధారమే ఉంది. ఒకప్పుడు క్షయ రోగులకు మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరం, వికారాబాద్ అనంతగిరి వంటి శానిటోరియాలే దిక్కు. మంచి గాలి, పుష్టికరమైన తిండి, పూర్తి విశ్రాంతి అక్కడి వైద్యం. మద్రాసులోని క్షయ పరిశోధన కేంద్రం 1959లో ప్రచురించిన అధ్యయనం ఆ పద్ధతిని తలకిందులు చేసింది. సరైన మందులు వాడితే ఇరుకు ఇళ్లలో, చాలీచాలని తిండితో ఉన్న పేదలకూ శానిటోరియంలో ఉన్నవారితో సమానంగా నయమవుతుందని అది నిరూపించింది. ప్రపంచ క్షయ వైద్యాన్నే మలుపు తిప్పిన ఆ ఫలితాన్ని కాదనలేం. అయితే ఆ రోగులకు మందుల కొరత లేదు. సిబ్బంది ఇళ్లకు వెళ్లి చూసేవారు, మాత్రలు వేసుకుంటున్నదీ లేనిదీ కనిపెట్టి ఉండేవారు. చికిత్సను శానిటోరియం నుంచి ఇంటికి మార్చే పాఠాన్ని ప్రభుత్వాలు ఇష్టంగా నేర్చుకున్నాయి. ఇంటికి మారిన రోగి వెంట అంతటి అండా రావాలన్న రెండో పాఠాన్ని సౌకర్యంగా మరచిపోయాయి.

తిండి సంగతిలోనూ మద్రాసు అధ్యయనమే ఆఖరి మాట కాదు. ఝార్ఖండ్‌లోని నాలుగు జిల్లాల్లో వైద్యుడు అనురాగ్ భార్గవ బృందం నిర్వహించిన ‘రేషన్స్’ పరిశోధన ఫలితాలు 2023 ఆగస్టులో లాన్సెట్ పత్రికల్లో వచ్చాయి. రోగులకు, వారి ఇంటివారికి నెలనెలా అదనపు ఆహారం అందిస్తే ఆ కుటుంబాల్లో కొత్తగా క్షయ సోకడం 39 శాతం తగ్గింది. చికిత్స మొదలైన రెండు నెలల్లో బరువు 5 శాతం పెరిగిన రోగులకు మరణ ముప్పు సుమారు 60 శాతం తక్కువగా కనిపించింది. తీవ్రంగా చిక్కిపోయినవారిని మొదట్లోనే గుర్తించి ఆసుపత్రిలో చేర్చుకునే పద్ధతిని తమిళనాడు 2022లోనే చేపట్టింది. రోగుల పోషకాహారం కోసం కేంద్రమిచ్చే సాయం 2018లో నెలకు రూ.500గా మొదలై, 2024 నవంబరు నుంచి రూ.1,000 అయింది. 2025-26లో తెలుగు రాష్ట్రాల్లో ఉపాధి హామీ దినసరి కూలి రూ.307. అంటే నెలంతా పనికి వెళ్లలేని మనిషికి ప్రభుత్వమిచ్చేది మూడు రోజుల కూలికి కాస్త ఎక్కువ. అదైనా ఖాతాకు ఆధార్ కలవలేదనో, వివరాలు సరిపోలలేదనో ఆలస్యమైతే, ఆ డబ్బు కోర్సు పూర్తయ్యాక పడినా ఒకటే, పడకున్నా ఒకటే.

ఇంత బాధా ఓర్చుకుని రోగి ఆసుపత్రికి వస్తే, అక్కడ మందు ఉంటుందన్న నమ్మకమైనా ఉందా? మందుల కొరత వార్తలు తప్పుదోవ పట్టించేవని 2023 సెప్టెంబరులో కేంద్ర ఆరోగ్యశాఖ కొట్టిపారేసింది. ఆరు నెలలు తిరగకముందే, 2024 మార్చి 18న, మూడు నెలలకు సరిపడా మందులు స్థానికంగా కొనుక్కోవాలని రాష్ట్రాలకు కేంద్ర క్షయ విభాగమే లేఖ రాయాల్సి వచ్చింది. అదీ కుదరకపోతే రోగి కొనుక్కున్న మందుల ఖర్చు తిరిగి చెల్లించే విషయం పరిశీలించాలని సూచించింది. పూట తప్పినా క్రిమి మొండిబారుతుందని రోగిని హెచ్చరించే వ్యవస్థే సరఫరాలో తప్పటడుగులు వేస్తే, ఆ పాపం ఎవరి ఖాతాలో రాయాలి? రోగి నాలుగు రోజులు రాకపోతే ఆశా కార్యకర్త తలుపు తడుతుంది. గోదాము నాలుగు వారాలు ఖాళీగా ఉంటే ఏ అధికారి తలుపూ ఎవరూ తట్టరు.

కొత్త చికిత్స వచ్చాక ఈ చర్చకు కాలం చెల్లిందని కొందరంటున్నారు. బెడాక్విలిన్, ప్రిటోమానిడ్, లినెజోలిడ్, మాక్సిఫ్లాక్సాసిన్‌లతో కూడిన ఆరు నెలల చికిత్సకు 2024 సెప్టెంబరులో కేంద్రం ఆమోదం తెలిపింది. ఏడాదిన్నర దాటే పాత కోర్సుతో పోలిస్తే ఇది పెద్ద ఊరటే. అర్హులందరికీ వెంటనే అందాల్సిందే. కానీ 14 ఏళ్లలోపు పిల్లలకు, మెదడుకో ఎముకలకో క్షయ పాకినవారికి ఇది సరిపడదు. లినెజోలిడ్ ఇందులోనూ ఉంది కాబట్టి రక్తం, చూపు, నరాల పరీక్షలు తప్పవు. అసలు సంగతి మరొకటి. కోర్సు ఎంత చిన్నదైతే అందులో జారిపోయే ప్రతి వారానికీ అంత విలువ. కొత్త మందులను అదే పాత అలసత్వంతో పంచితే, కొన్నేళ్లకు బెడాక్విలిన్‌కూ లొంగని క్రిమిని మనమే పెంచి పోషించినవాళ్లమవుతాం. ఆపై వాడటానికి చేతిలో మందులు ఎన్నో మిగలవు.

ఇక మిగిలింది డబ్బుల ప్రశ్న. కొత్త చికిత్సను ప్రకటించినప్పుడు దేశంలో మొండి టీబీ రోగులు సుమారు 75 వేలని కేంద్రమే చెప్పింది. ఒక్కొక్కరికి నెలకు రూ.5 వేల చొప్పున ఏడాది పొడవునా భృతి ఇచ్చినా దేశం మొత్తమ్మీద అయ్యే ఖర్చు రూ.450 కోట్లు. ఇది మోయలేని భారమని ఏ ఆర్థికమంత్రీ అనలేరు. నగదు ఇస్తే దుబారా చేస్తారన్న అనుమానానికి తెలుగు రాష్ట్రాల అనుభవమే సమాధానం. హెచ్‌ఐవీ బాధితులకు, డయాలసిస్ రోగులకు ఇక్కడ నెలనెలా పింఛన్లు అందుతున్నాయి. వాళ్లు ఆ డబ్బును ఎలా ఖర్చు పెడుతున్నారని ఎవరూ ఆరా తీయడం లేదు, తీయనక్కర్లేదు. తనకే కాక తన చుట్టూ ఉన్నవారికీ ప్రమాదం తెచ్చే జబ్బుతో పోరాడుతున్న మనిషికి ఆ పాటి ఆసరా నిరాకరించడంలో తర్కం లేదు. అతను పనికి వెళ్లక తప్పని స్థితి వస్తే, కోర్సు తప్పిన క్రిమి కూడా అతనితోపాటే బస్సెక్కుతుంది, పనిచోటికి వస్తుంది. ఇప్పుడు ఇవ్వని భృతికి రేపు కొత్త రోగుల రూపంలో వడ్డీతో సహా చెల్లించుకోవాల్సిందే.

రెండు తెలుగు ప్రభుత్వాలూ ఢిల్లీ వైపు చూస్తూ కూర్చోనక్కర్లేదు. మొండి టీబీ చికిత్సలో ఉన్నవారిని కోర్సు పూర్తయ్యేదాకా పింఛన్ల జాబితాలో చేర్చాలి. ప్రతి జిల్లాలో కనీసం మూడు నెలల మందుల నిల్వ ఎల్లప్పుడూ ఉండాలి. ఎక్కడెంత నిల్వ ఉందో నెలనెలా ప్రజల ముందు పెట్టాలి. ఈసీజీ, రక్తపరీక్షలు మండల స్థాయికి రావాలి. దుష్ప్రభావం కనిపించిన రోజే మందు మార్చగల వైద్యుడు ఫోన్‌లో అందుబాటులో ఉండాలి. కోర్సు అయ్యాక కూడా ఊపిరితిత్తుల నష్టంతో ఆయాసపడేవారిని ‘నయమైంది’ అని ముద్రేసి పంపేయకుండా కనిపెట్టి చూడాలి. అన్నింటికీ మించి లెక్క మారాలి. ఎన్ని మాత్రలు పంచామన్నది కాదు, చికిత్స మొదలుపెట్టినవారిలో ఎంతమంది చివరి మాత్ర వరకు రాగలిగారన్నదే జిల్లా అధికారి పనితీరుకు కొలమానం కావాలి. రాలేకపోయిన ప్రతి ఒక్కరి విషయంలో సంజాయిషీ ఇవ్వాల్సింది రోగి కాదు, ప్రభుత్వమే.