సామ్రాజ్యం కట్టే ఆటైతే ఆడనివ్వండి

మొన్న పేరెంట్స్ మీటింగ్‌లో ఒక అమ్మ, "మేడమ్, మావాడు ఎప్పుడు చూసినా కంప్యూటర్‌లో యుద్ధాలే. మీరైనా మాన్పించండి" అన్నారు. ఏ ఆట అని అడిగితే ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 అని తేలింది. మాన్పించాలని నాకు అనిపించలేదు.

1999లో వచ్చిన ఈ ఆటలో యుద్ధం తర్వాతి మాట. మామూలుగా ముగ్గురు పల్లెజనంతో మొదలు. గొర్రెల్ని వెతకాలి, కట్టెలు కొట్టాలి, పొలాలు వేయాలి. రెండో యుగంలోకి వెళ్లాలంటే 500 ఆహారం ఖర్చవుతుంది. అదే ఆహారంతో పదిమంది కొత్త పనివాళ్లు వస్తారు. ఏది ముందు? మనం తేల్చుకునేదాకా శత్రువు ఆగడు. ఇంటి బడ్జెట్ వేసే మీకు ఈ చిక్కు కొత్త కాదు. 2022లో వచ్చిన అదనపు భాగంలో రాజేంద్ర చోళుడి కథ కూడా ఉంది.

ఇబ్బంది సమయంతోనే. ఒక్కో ఆట గంట దాకా సాగుతుంది కాబట్టి "పది నిమిషాలే" అంటే కుదరదు, మధ్యలో స్విచ్ కట్టేస్తే ఇంట్లోనే యుద్ధం! కంప్యూటర్‌తో ఆడితే సేవ్ చేసుకుని లేవొచ్చు. ఆన్‌లైన్‌లో తెలియనివాళ్లతో ఆడుతుంటే ఆ వీలుండదు. అందుకే హైస్కూల్ పిల్లలకు ఆన్‌లైన్ ఆట వద్దనే అంటాను. ఆ అమ్మకూ అదే చెప్పాను: "సేవ్ చేసి భోజనానికి రా" అనండి.