2898 అంటే బహుధాన్య!

'కల్కి 2898 ఏడీ' వచ్చాక అందరం ప్రభాస్ గురించి, బుజ్జి గురించి మాట్లాడుకున్నాం. టైటిల్‌లోని నంబర్‌ని పెద్దగా పట్టించుకోలేదు. పంచాంగాల లెక్కలో కలియుగం క్రీ.పూ. 3102లో మొదలైంది. దానికి 2898 కలిపితే 6000. కానీ క్రీస్తు శకంలో సున్నా సంవత్సరం లేదు. అంటే గడిచినవి 5999, నడిచేది 6000వది. మన సీఎస్ఈ వాళ్లకి బాగా తెలిసిన ఆఫ్-బై-వన్!

మరి ఆ ఏడాదికి తెలుగు పేరేంటి? అరవై పేర్ల చక్రం అంటే మాడ్యులో 60, అంతే. 1998 ఉగాదికి వచ్చింది బహుధాన్య. అక్కడినుంచి 2898కి 900 ఏళ్లు, సరిగ్గా 15 చక్రాలు. కాబట్టి అదీ బహుధాన్యే! గంగ ఎండిపోయిన కాశీలో ఆ ఏడాది పేరు 'బోలెడు ధాన్యం'. ఇంతకన్నా చురుకైన వ్యంగ్యం ఏ రైటర్‌కి దొరుకుతుంది?

పేరొక్కటే చెప్తే ఎన్నో చక్రమో తెలీదు, నిజమే. అందుకే పంచాంగంలో కలి సంవత్సరం కూడా వేస్తారు. అది యూనిక్స్ టైమ్‌స్టాంప్ లాంటిది. 1970 బదులు ఇంకా వెనక నుంచి లెక్క, అంతే తేడా.

మా మెదక్‌లో ఉగాదికి పంచాంగ శ్రవణం వినేది ఎక్కువగా పెద్దవాళ్లే. ఆ పేర్లు వాళ్లతోనే ఆగిపోతే, బహుధాన్యలోని వ్యంగ్యం 2898 దాకా ఎందుకు, మనకే అర్థం కాదు. ఈసారి సైఫై కథ రాసేవాళ్లు తేదీ పక్కన తెలుగు సంవత్సరం కూడా వేయండి. లెక్క కట్టడానికి ఒక్క లైన్ కోడ్ చాలు.