వెలుగుతో చలవ

ప్రశ్న: ఎండలో నిలబడితే ఒళ్లు మాడిపోతుంది గదా, లేసర్ వెలుగుతో వస్తువును చల్లబరిచారంటే నమ్మేదెలా?
— ఒక పాఠకురాలు, సోమందేపల్లి.

జవాబు: మీ సందేహం న్యాయమైనదే, అమ్మా. పెనుకొండ, హిందూపురం ఎండలు ఎరిగినవారికి వెలుగంటే వేడే. కాని వేడి అంటే కదలికే గదా! కదలిక తగ్గితే చల్లబడినట్టే.

1971లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ఆర్థర్ ఆష్కిన్, ఆయన సహచరుడు ఒక చిన్న గాజుపూసను లేసర్ కిరణం మీద గాలిలో నిలబెట్టారు. వెలుగుకు తోసే బలం వుంది మరి. వెలుగుతో సూక్ష్మవస్తువులను పట్టే ఈ విద్యకే ఆష్కిన్‌కు 2018లో, తొంభై ఆరేళ్ల వయసులో, నోబెల్ బహుమతి వచ్చింది.

అలా పట్టిన పూస ఊరుకోదు, ఊగుతూంటుంది. దాని మీద పడి చెదిరిన వెలుగులో కొంత తన శక్తిని పూసకిచ్చి పోతుంది. కొంత పూస నుంచి శక్తిని లాక్కుపోతుంది. ఈ ఇచ్చిపుచ్చుకోవడం మనకు కొత్త కాదు. 1928లో రామన్ కనుగొన్న ఫలితంలో అణువుల కంపనంతో వెలుగు చేసే బేరమూ ఇలాంటిదే. రామన్ శిష్యుడు, ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం గారు వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆ శాస్త్రాన్నే పెంచారు.

ఇక ఉపాయం వినండి. పూసకు అటూ ఇటూ రెండద్దాలు పెట్టి, వాటి మధ్య దూరం సరిగ్గా కుదిర్చితే, శక్తి లాక్కుపోయే వెలుగుదే పైచేయి అవుతుంది. పండక్కి వచ్చిన అల్లుడు తెచ్చింది పిసరంత, పట్టుకుపోయింది గంపెడు! పూస ఊపు అడుగంటుతుంది.

2020లో వియన్నా శాస్త్రజ్ఞులు ఇలాగే, గాలి తీసేసిన పెట్టెలో, 143 నానోమీటర్ల పూసను పట్టారు. అది వెంట్రుక మందంలో సుమారు అయిదువందలో వంతు. అయినా అందులో పదికోట్ల పరమాణువులు! ఒక దిక్కున దాని ఊపును పరమశూన్యానికి పైన డిగ్రీలో పదిలక్షల వంతులు పన్నెండింటి దాకా దించారు. చల్లబడింది ఊపే, లోపలి గాజు కాదు.

అక్కడ శక్తి మెట్లుమెట్లుగా వుంటుంది. పూస పదింట ఏడు పాళ్లు అట్టడుగు మెట్టు మీదే దొరికింది. అక్కడా రవ్వంత కదలిక మిగులుతుంది. దాన్ని ఎవరూ తీయలేరు. అది క్వాంటమ్ ధర్మం.

ఇంత శ్రమ దేనికంటారా? ఒక్క పరమాణువు ఒకేసారి రెండుచోట్ల వున్నట్టు ప్రవర్తించగలదు. మన బిందె అలా వుండదు. వుంటే కుళాయి దగ్గర తగవులే వుండవు! మరి ఆ ధర్మం ఎక్కడ ఆగుతుంది? అసలు ఆగుతుందా? పరమాణువునూ బిందెనూ విడదీసే హద్దును వెతకడానికి ఇప్పుడు ఒక గాజుపూస చేతికి వచ్చింది.