ప్రకాశ తస్కరులు

గోడకు కన్నము వేసి ఒక యింటి బంగారము ఎత్తుకొనిపోయినవానికిని, మెత్తని దిండ్లకు ఆనుకొని కూర్చుండి, నమస్కారము లందుకొనుచు వేయి యిండ్ల సొమ్ము హరించినవానికిని శిక్ష ఒకటే కావచ్చునా? కావచ్చుననియే మన చట్టము చెప్పుచున్నది. 1862 నుండి 2024 జూన్ వరకు అమలులో నుండిన భారత శిక్షాస్మృతిలో ఇంటిలోని సొమ్ము దొంగిలించుటకు గరిష్ఠ శిక్ష ఏడేండ్లు. మోసగించి సొమ్ము రాబట్టుటకు, అనగా తిట్టుగా కూడ మారిపోయిన ఆ 420వ సెక్షను క్రింద, గరిష్ఠము ఏడేండ్లే. 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత వచ్చినది. నాలుగువందల యిరువది కాస్తా మూడువందల పదునెనిమిది అయినది గాని, ఏడు మాత్రము ఏడుగానే నిలిచినది. దోపిడికి పదేండ్లు, అదియే ప్రొద్దు క్రుంకిన పిమ్మట రహదారిపై జరిగినచో పదునాలుగేండ్ల వరకు వేయవచ్చును.

దోపిడిగాడు కత్తి చూపును, ప్రాణభయము కల్పించును, కనుక వానికి ఎక్కువ శిక్ష తగునని వాదించువారు కలరు. ఒప్పుకొందుము. కాని కత్తి భయము ఆ రాత్రితో పోవును. కూతురి పెండ్లికని పదేండ్లు కట్టిన చీటీ మునిగిన యింట భయము ఎన్నేండ్లుండును? ఒక్కని మోసగించినను లక్షమందిని మోసగించినను ఆ సెక్షను హద్దు ఒక్కటే యగుటయే మా అభ్యంతరము. పలు నేరములు రుజువైనను శిక్షలన్నియు ఏకకాలమున నడచునట్లు తీర్పు చెప్పుట మన న్యాయస్థానములలో తరచుగా చూచుచున్నాము.

పూర్వులు ఈ విషయమున మనకంటె స్పష్టముగా ఆలోచించిరి. తస్కరులు ప్రకాశులు, అప్రకాశులు అని రెండు తెగలవారని మనుస్మృతి చెప్పును. రాత్రివేళ కన్నము వేయువారు అప్రకాశులు. పట్టపగలు అంగడిలో కూర్చుండి వంచించువారు ప్రకాశులు. దొంగతనపు గుణదోషములు తెలిసి దొంగిలించువానికి దండము రెట్టింపులుగా పెరుగవలెననియు అందే యున్నది. ఆ గ్రంథమే మరియొకచోట పుట్టుకను బట్టి చేసిన అన్యాయములను మేము మరువలేదు. అయినను తెలివికి తగిన దండమను ఈ ఒక్క సూత్రము నిలువదగినది. దొంగ తూకములతో వ్యాపారము చేయువానికి ఉత్తమ సాహస దండమని యాజ్ఞవల్క్యుడు విధించెను. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు మితాక్షర వ్రాసినది మన రాయచూరునకు ఉత్తరముననున్న కల్యాణ నగరములోనే. దానిని పదుమూడవ శతాబ్దమున కేతన తెనిగించెను. కన్నడ దేశపు ధర్మశాస్త్రము తెలుగు పద్యముగా మారిన ఆ సంగతి, ఈ నేలపై స్థిరపడిన మనకు గర్వకారణము.

ఇక నేటి మాట. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధ్యక్షుడు రామలింగరాజు, లెక్కలలో చూపిన నిల్వలలో 5,040 కోట్ల రూపాయలు లేనేలేవని తానే లేఖ వ్రాసెను. 2015 ఏప్రిల్ 9న హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానము ఆయనతో కూడ పదిమందికి ఏడేండ్ల కఠిన కారాగారము విధించెను; మే 11న పైకోర్టు ఆ శిక్షను నిలిపి జామీను నిచ్చెను. తీర్పునకు ముందే ఆయన ముప్పది నెలలకు పైగా జైలులో నుండెననుట నిజమే. అయినను ఆనాడు మనవారిలో పలువురు జాలిపడినది వాటాలు కొని మునిగినవారిపై కాదు; 108 అంబులెన్సులు తెచ్చిన పుణ్యాత్ముడని ఆయనపైననే. కన్నము వేసినవాడు గుడికి గంట చేయించెనని శిక్ష తగ్గింపుమని ఎవరైనను అడిగిరా?

అగ్రిగోల్డ్ కథ మనకు మరింత దగ్గర. ఆంధ్ర, తెలంగాణములతో పాటు కర్ణాటకములోను లక్షలాది చిన్న కుటుంబములు అందు సొమ్ము దాచుకొన్నవి. నిర్వాహకులను 2016లో నిర్బంధించిరి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2019లో పదివేల రూపాయల లోపువారికి, 2021లో ఇరువదివేల లోపువారికి చెల్లించినది తన రాష్ట్రపు ఖాతాదారులకు మాత్రమే. హద్దుకు ఇవతల కట్టినవారికి తెలుగు మాటలతో వచ్చిన నమ్మకము మిగిలినది, సొమ్ము మిగులలేదు.

మన జిల్లాలో మోసము వచ్చునది ఈ దారినే. తుంగభద్ర కాలువ వెంట సింధనూరు, మాన్వి ప్రాంతపు క్యాంపులకు వచ్చి మడులు చేసినవారికి బ్యాంకు దూరము, మనవాడు దగ్గర. వడ్లు తూచి చీటీ వ్రాసి యిచ్చును. నెల తిరుగువేళకు అంగడికి తాళము. ఠాణాకు పోయినచో ఇది సివిలు వ్యవహారమందురు. మొదటినుండియు వంచించు ఉద్దేశమున్నదని రుజువు చేయనిదే మోసము నిలువదు. ఈ నిబంధన అన్యాయమని మేమనము. ధర పడిపోయి దివాలా తీసిన వ్యాపారి వేరు, తాళము వేయు రోజు నిర్ణయించుకొనియే వడ్లు తూచినవాడు వేరు. ఆ ఇద్దరిని ఒకే గాట కట్టరాదు. కాని దొంగ ఉద్దేశమును విరిగిన తాళమే చెప్పును, వంచకుని ఉద్దేశమును లెక్కల పుస్తకములలో త్రవ్వి తీయవలెను. ఆ త్రవ్వుటకు ఓపిక గల అధికారులేరి? ఈలోగా రూపాయికి పావలా చేతబెట్టి రాజీ చేసుకొందురు; కోర్టు అనుమతితో ఈ నేరము రాజీకి లొంగునదియే. జామీనిచ్చువాడు లేక చిల్లర దొంగ అదే కాలమంతయు జైలులోనే యుండును.

కనుక ఏండ్లు పెంచుటయే మేము కోరునది కాదు. మోసపోయినవారి సంఖ్యను బట్టి శిక్ష పెరుగవలెను; భార్య పేర, బావమరది పేర దాచిన ఆస్తి మొదట బాధితులకు చేరవలెను. అనుమతి లేని డిపాజిట్లను నిషేధించిన 2019 నాటి చట్టములో మోసముతో ఎగవేసినవానికి మూడు నుండి పదేండ్ల జైలు, వసూలు చేసిన మొత్తమునకు రెట్టింపు వరకు జరిమానా కలవు. ఆయుధమున్నది, పట్టుకొను చేయి కావలెను.

ఆ చేయి కొంత మనది కూడ. సంఘపు వార్షికోత్సవములలో శాలువా ఎవరికి కప్పుచున్నాము? ఇట్టి సంచికలలో నిండుపుట ప్రకటనలు ఎవరివి అచ్చువేయుచున్నాము? వచ్చే సంచికకు ఏ చీటీల సంస్థ ప్రకటన తెచ్చినను, 1982 నాటి చిట్ల చట్టము క్రింద రిజిస్ట్రారు ఇచ్చిన అనుమతి పత్రపు నకలును ముందుగా అడుగవలసినదిగా సంపాదక వర్గమును కోరుచున్నాము. నకలు ఇయ్యనివారి సొమ్ము తిప్పి పంపుడు. సంచిక నాలుగు పుటలు తగ్గినను తగ్గనిండు.