దత్తత తెర వెనుక

మా చిన్నతనంలో రామకోవెల దగ్గర జంగం కథ పెడితే ఊరు ఊరంతా చాపలు పట్టుకుని కదిలేది. బొబ్బిలి కథే కావాలనేవారు. ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు కోటను కొట్టే ఘట్టంలో కథకుడు ఎంత గొంతు పెంచినా, ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది మాత్రం వేరే చోట. బొబ్బిలి రాణి మల్లమ్మదేవి రాజాంలో ఉన్న తోబుట్టువు పాపారాయుడికి ఉత్తరం పంపుతుంది చూడండి, అక్కడ. ఆ చీటీ చేరుతుందా, దారిలో చిక్కుతుందా? 1757 జనవరి 24న కోట ఏమైందో అందరికీ తెలుసు. తెలిసీ ప్రతిసారీ, ఈసారైనా వేళకి చేరితే బాగుండునని కోరుకునేవాళ్లం.

కోటల కథలంటే జనానికి ఇంత మోజేమిటని విసుక్కునే మిత్రులున్నారు. ఇప్పుడా మోజు ఫోన్లలోకి వచ్చింది. బి షిఫ్టు దిగి కూర్మన్నపాలెంలో బస్సెక్కిన కార్మికుడు తుర్కీ సుల్తాను అంతఃపురంలోకీ, ఎంవీపీ కాలనీలో డిగ్రీ చదివే అమ్మాయి కొరియా రాజుగారి నగరులోకీ వెళ్లిపోతున్నారు. నగలకీ పట్టుబట్టలకీ మురిసిపోయి చూస్తున్నారంటే మేం ఒప్పుకోం. కోటలో చిన్న విషయమంటూ ఉండదు. పెళ్లి చేస్తే అది సంధి. బిడ్డ పుడితే పేచీ. దత్తత తీసుకుంటే పరగణాల తలరాత. 1951లో వచ్చిన ‘మల్లీశ్వరి’ సినిమాని ఇప్పటికీ మరిచిపోలేకపోవడానికి కారణం ఇదే. మల్లికి పల్లకీ పంపమని బావ వేళాకోళానికి అన్న మాటను రాయలు నిజంగానే మన్నించి పంపుతాడు. ఆ కథలో రాజు దుర్మార్గుడు కాడు. ఆయన దయే ఆ పిల్ల పాలిట చెర.

ఇంతకీ కోట కథల కోసం మనం అంత దూరం వెళ్లాల్సిన పనిలేదు. బొబ్బిలి పడ్డాక పాపారాయుడి కత్తికి, బుస్సీ వెంట వచ్చిన విజయనగరం పెద విజయరామరాజు తన డేరాలోనే హతుడయ్యాడు. గద్దెనెక్కిన ఆనందరాజు బుస్సీ మీద కోపంతో 1758లో విశాఖపట్నాన్ని ఫ్రెంచివాళ్ల చేతినుంచి లాక్కుని ఇంగ్లీషువాళ్లకి అప్పగించాడు. క్లైవ్ పంపిన కల్నల్ ఫోర్డు సేన ఈ తీరంలోనే దిగింది. రెండేళ్లకే ఆనందరాజు కన్నుమూశాడు. అప్పుడు పెద విజయరామరాజు వితంతువు పన్నెండేళ్ల పిల్లవాణ్ణి దత్తత తీసుకుంది. అతనే చిన విజయరామరాజు. అతనికి సవతి అన్న ఉన్నాడు, సీతారామరాజు. వయసులో పెద్ద, ఎత్తుగడల్లో దిట్ట. ఆమె అతన్ని కాదని తమ్ముణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుంది.

గద్దె తమ్ముడిది, పెత్తనం అన్నది. ముప్పై ఏళ్ల పైచిలుకు నడిచిన పోరు ఇది. 1778లో మద్రాసు గవర్నరు రంబోల్డ్ పిలిపిస్తే అన్నదే పైచేయి అయింది. రంబోల్డ్ మీద లంచాల ఆరోపణలు లండన్ పార్లమెంటు దాకా వెళ్లాయి. చివరికి పేష్కష్, అంటే కప్పం, బకాయిల పేరు చెప్పి ఇంగ్లీషు కుంఫిణీ విజయనగరాన్ని పట్టుకుంది. భరణం తీసుకుని మచిలీపట్నం వెళ్లిపొమ్మని చిన విజయరామరాజుకి హుకుం. ఆయన వెళ్లలేదు. భీమిలికి దగ్గర్లోని పద్మనాభంలో నిలిచాడు. 1794 జూలై 10 తెల్లవారుజామున కల్నల్ ప్రెండర్‌గాస్ట్ సేన విరుచుకుపడింది. గంట తిరక్కుండా అంతా అయిపోయింది. రాజూ, ఆయన్ని అంటిపెట్టుకున్నవాళ్లూ అక్కడే కూలారు.

ఇలా మూసిన తలుపు వెనుక తలరాతలు తేలడం అంటే ఏమిటో విశాఖకి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. ఉక్కు కర్మాగారం కోసం 1966లో 32 మంది ప్రాణాలిచ్చారు. దాన్ని నూటికి నూరుపాళ్లూ వదిలించుకోవాలని 2021 జనవరిలో ఢిల్లీలో ఒక కేబినెట్ కమిటీ సూత్రప్రాయంగా తేల్చేసింది. కూర్మన్నపాలెం నిరసన శిబిరంలో కూర్చున్నవాళ్లకి ‘లోపల ఏం మాట్లాడుకున్నారు’ అన్న ఆరాటం కాలక్షేపం కాదు, పిల్లల ఫీజు, ఇంటి అద్దె. అదే మనిషి రాత్రి ఫోనులో సుల్తాను కొలువు చూస్తూ, తెర వెనుక నిలబడ్డ దాసీ చెవి ఎటు తిప్పిందో కూడా గమనిస్తాడు.

ఓరుగల్లుకి ‘గోన గన్నారెడ్డి’తో అడవి బాపిరాజు దొరికారు. మధురకి ‘ఏకవీర’తో విశ్వనాథ దొరికారు. పద్మనాభానికి అంతటి నవల రావాలని మా కోరిక. అందులో యుద్ధం ఒక్క అధ్యాయం చాలు. ప్రేమకథ ఏదని అడిగేవాళ్లకి మా సమాధానం, ఆ వితంతువే. ప్రేమంటే పూలతోటలో పాటే కానక్కర్లేదు. భర్తను డేరాలో పొడిచేశారు. తర్వాత గద్దెనెక్కినవాడూ పోయాడు. కోట నిండా దివానులు, దూరపు దాయాదులు, గుమ్మం దగ్గర కాచుకున్న కుంఫిణీ మనుషులు. కుంఫిణీవాళ్లు పేష్కష్ లెక్కలు రాసుకున్నారు గానీ, ఆ గదిలో మాటలు రాయాల్సింది నవలాకారుడే. ఎదురుగా ఇద్దరన్నదమ్ములు నిలబడ్డారు. పెద్దవాడికి అన్నీ తెలుసు. చిన్నవాడికి ఇంకా నిద్రమత్తు వదల్లేదు. ఆమె చెయ్యి చాపింది.